ఆటిజం: పసివయసు గుర్తులు

ఆటిజం మెదడు ఎదుగుదలలోని తేడా. పెంపకం వల్ల రాదు, టీకాల వల్లా రాదు. ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం, కళ్లలోకి చూడకపోవడం, ఏడాదిన్నరకు కావలసింది వేలితో చూపకపోవడం తొలి గుర్తులు. ఉదాహరణకు, నరసాపురం రేవులో పంటు (రేవు దాటించే పడవ) కదులుతుంటే "అదిగో" అని అమ్మ చూపిస్తుంది. పిల్లవాడు అటు చూడడు, ఆమె గాజులే తిప్పుతుంటాడు. ఒక్క గుర్తుతో తేల్చేయకూడదు. వచ్చిన మాటలు పోతే మాత్రం ఆలస్యం తగదు. "వాళ్ల నాన్నకూ మాటలు ఆలస్యమే" అనే ఓదార్పు విలువైన నెలల్ని మింగేస్తుంది. ముందు వినికిడి పరీక్ష చేయించాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీల్లో పిల్లల ఎదుగుదలను ఉచితంగా పరీక్షిస్తాయి. అవసరమైతే జిల్లా స్థాయి చికిత్సా కేంద్రాలకు పంపుతాయి. నిర్ధారణ అయ్యేదాకా ఆగకుండానే మాట, ఆట శిక్షణ మొదలుపెట్టవచ్చు.