వీధి బాగుపడితే బిల్లు ఎవరిది?

మనలో చాలామందిమి ఈ దేశంలో ఇళ్ళు కొనుక్కున్నవాళ్ళమే. ఏటేటా కట్టే ఇంటిపన్ను మనకు అలవాటే. కాని వీధికి కొత్తగా కాలిబాటలో, మురుగుకాలవలో వేసి "స్పెషల్ అసెస్‌మెంట్" అంటూ ఇంకొక బిల్లు పంపితే తెల్లబోతాము. ఊరందరూ నడిచే వీధికి మనమెందుకు కట్టాలని విసుక్కుంటాము. నిజానికి ఈ పద్ధతికి మూడువందల ఏళ్ళు దాటాయి.

1666లో లండన్ నగరం తగలబడింది. మరుసటేడు నగరాన్ని తిరిగి కట్టడానికి చేసిన చట్టంలో, వీధులు బాగుపడి ఎవరి స్థలాల విలువ పెరిగిందో వారినుంచి సొమ్ము రాబట్టే ఏర్పాటు చేశారు. న్యూయార్కు ఆంగ్లేయుల ఏలుబడిలో ఉండగా, 1691లో, అక్కడా వీధుల ఖర్చు ఇళ్ళవారిపై వేసే చట్టం వచ్చింది. మన వైపు బెటర్‌మెంటు చార్జీలు కట్టినవారికి ఈ న్యాయం కొత్తది కాదు: మేలు పొందినవాడే ఖర్చు భరించాలి.

మరి పొందిన మేలును మించి వసూలు చేస్తే? ఒహాయోలో సిన్సినాటిని ఆనుకొని నార్‌వుడ్ అనే ఊరుంది. అక్కడ బేకర్ అనే ఆవిడ స్థలం మధ్యనుంచి వీధి తీశారు. పోయిన నేలకు 2,000 డాలర్ల పరిహారం నిర్ణయమైంది. ఊరివారు ఆ పరిహారాన్నీ, దానికైన ఖర్చులనూ కలిపి, ఆవిడకు మిగిలిన స్థలం మీదనే వడ్డించారు! కుడిచేత్తో ఇచ్చి ఎడమచేత్తో లాక్కున్నట్లయింది. 1898లో సుప్రీంకోర్టు ఆవిడ పక్షాన తీర్పు చెప్పింది. కలిగిన మేలుకన్న బాగా ఎక్కువ వసూలు చేస్తే, ఆ ఎక్కువ మేరకు అది పరిహారమివ్వకుండా ఆస్తి లాక్కోవడమేనని జస్టిస్ హార్లన్ రాసిన తీర్పు సారాంశం.

అయితే 1901లో, మిస్సోరీలోని కాన్సస్ సిటీ రోడ్డు దావాలో, వీధివైపు ఎన్ని అడుగుల స్థలముంటే అంత చొప్పున వేసే లెక్కను అదే కోర్టు సమర్థించింది. ఇంటింటి మేలునూ విడిగా తూచనక్కరలేకపోయింది. కనుక కోర్టుమీదనే భారం వేసి కూర్చుంటే చాలదు.

పైగా హక్కుకు గడువు కూడా ఉంటుంది. మిన్నెసోటాలో విచారణ సభనాటికి సంతకం చేసి అభ్యంతరం రాసివ్వనివారికి మామూలుగా తరువాత కోర్టుకెక్కే దారి ఉండదు. కాలిఫోర్నియాలో 1996లో వచ్చిన సవరణ ప్రకారం స్థలదారులకు బ్యాలెట్లు పంపాలి. తిరిగి వచ్చినవాటిలో వ్యతిరేకత ఎక్కువైతే ఆ వడ్డింపు చెల్లదు.

ఆపరేషను కాగితంమీద సంతకం పెట్టేముందు ప్రశ్నలడగమని మన రోగులకు చెబుతాము. టౌన్‌హాలు నుంచి కవరు వచ్చినప్పుడు మాత్రం "మనకెందుకులే" అనుకొని పక్కన పడేస్తాము. న్యాయమైన వాటా కడదాము. అది న్యాయమో కాదో తేల్చే సభకు మనమూ వెళ్ళి కూర్చుందాము.