కొలువు ఆత్మకూరిది, మగ్గం అమరచింతది

అమరచింత పేరెత్తగానే పాలమూరు పెద్దలకు మొదట గుర్తొచ్చేది సంస్థానం, ఆ తర్వాత ఒకప్పటి అసెంబ్లీ నియోజకవర్గం. ఇప్పుడు ఆ రెండూ లేవు. హైదరాబాద్ రాజ్యం భారతదేశంలో కలిసిన తర్వాత 1949లో జాగీర్లు రద్దయ్యాయి, సంస్థానాల రోజులూ వాటితోనే ముగిశాయి. నియోజకవర్గం 2008 పునర్విభజనలో మాయమైంది; 2009 ఎన్నికల నుంచి ఆ పేరుతో ఎమ్మెల్యే లేరు. ఆ రెండూ ఉన్నప్పుడు కూడా అధికారం ఈ ఊళ్లో కూర్చోలేదన్నది ఎక్కువమంది పట్టించుకోని విషయం. సంస్థానం పేరు అమరచింత, రాజుల నివాసం మాత్రం ఆత్మకూరు. తాలూకా కచేరీ ఆత్మకూరులోనే ఉండేది, ఎన్.టి.ఆర్. కాలంలో మండలాలు వచ్చాక మండలాఫీసూ అక్కడే పెట్టారు. 2016 అక్టోబర్ 11న వనపర్తి జిల్లా ఏర్పడినప్పుడు గాని అమరచింత మండల కేంద్రం కాలేదు, 2018లో గాని మున్సిపాలిటీ కాలేదు. అన్ని తరాలు కోట లేకుండా, కచేరీ లేకుండా ఉండి కూడా ఇది పల్లెగా మిగిలిపోలేదు. కసబా లక్షణం, అంటే చిన్న పట్టణపు లక్షణం, దీనికి ముందునుంచీ ఉంది. ఆ లక్షణం దొరల వల్ల వచ్చింది కాదనీ, నేతకారుల గేరీలలో, అంటే వాళ్ల వీధుల్లో, పుట్టి ఊరంతటికీ పాకిందనీ నా వాదన.

దీనికి మొదటి అభ్యంతరం చరిత్ర చదివినవాళ్ల నుంచే వస్తుంది. రాజులు లేకపోతే మగ్గాలెక్కడివి, సన్న బట్ట కట్టేవాడు ఉంటేనే కదా నేసేవాడు ఉండేది అంటారు. ఆ మాటలో నిజం ఉంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వచ్చిన ఇంపీరియల్ గెజిటీర్ అమరచింత సంస్థానానికి 68 గ్రామాలు, సుమారు 190 చదరపు మైళ్ల విస్తీర్ణం, 1901 లెక్కల ప్రకారం 34 వేల పైచిలుకు జనం ఉన్నట్టు రాసింది. గద్వాల, వనపర్తి సంస్థానాల పక్కన పెడితే ఇది చిన్నదే. అంత చిన్న సంస్థానం నేతకు పేరు పొందింది. సన్నని మస్లిన్లు, పట్టు జరీ అంచుల ధోవతులు, తలపాగాలు ఇక్కడి సరుకు. సంస్థానాన్ని ఏలిన ముక్కెర వంశపు దొరలు, వాళ్ల బంధువర్గం, హైదరాబాద్ ఉమరావులు ఈ సరుకుకు గిరాకీ ఇచ్చి ఉంటారనడంలో సందేహించాల్సిందేమీ లేదు. కానీ ఆ గిరాకీయే ప్రాణమై ఉంటే సంస్థానంతో పాటు మగ్గం కూడా పోవాలి. జరిగింది అది కాదు. తలపాగా చుట్టేవాళ్లు తగ్గారు, జరీ ధోవతి పెళ్లిపీటలకు పరిమితమైంది, దర్బారు బట్ట అడిగే దర్బారే లేకుండా పోయింది. అమరచింత మగ్గం అంచు మార్చుకుని, కొలత మార్చుకుని చీరకు తిరిగింది. పోషకుడు పోయాక కూడా పని నిలిచిందంటే దాని వేరు పోషకుడి ఇంట్లో లేదు. సంస్థానాల సాహిత్య పోషణ మీద ఆచార్య తూమాటి దోణప్ప లాంటివాళ్లు పెద్ద పరిశోధన చేశారు. పద్యానికి దొరికిన ఆ శ్రద్ధ పడుగుకూ పేకకూ దొరకలేదు. అందుకే దొర కథే ఊరి కథగా చలామణి అవుతూ వస్తోంది.

ఆ వేరు ఎక్కడుందో తెలియాలంటే పనిని దగ్గరగా చూడాలి. ఈ ప్రాంతపు పేరున్న చీరలో ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. నూలు పేక అంచు పట్టులోకి పోకూడదు, అంచు రంగు ఒంట్లోకి రాకూడదు. అందుకని ఒంటికి ఒక నాడె, రెండు అంచులకు రెండు నాడెలు, మొత్తం మూడు నడవాలి. రెండు పేకలు ఎదురైన చోట ఒకదాన్ని ఒకటి పెనవేసుకుని వెనక్కి తిరగాలి. మొదటి మనిషి ఒక పక్కన ఉంటే రెండో అంచు నాడె అందుకోవడానికి ఇంకొకరు కూర్చోవాలి. కొంగు దగ్గరికి వచ్చేసరికి పని మరీ సూక్ష్మం. నూలు పడుగు అక్కడితో ఆగి పట్టు పడుగు మొదలవుతుంది కాబట్టి వేల పోగుల్ని ఒక్కొక్కటిగా పట్టుకుని చేత్తో మెలిపెట్టి కలపాలి. ఆ అతుకులో ఒక్క పోగు వదులైనా చీర అక్కడ చెబుతుంది. దీనికి ముందు ఆసు పోయాలి, కండెలు చుట్టాలి, రంగు అద్దాలి, అచ్చులో పోగులు ఎక్కించాలి. ఇది ఒక మనిషి పని కాదు, ఒక్కోసారి ఒక ఇంటి పని కూడా కాదు. పక్కింటి నుంచి అతకడానికి ఒకరు, ఎదురింటి నుంచి అద్దకానికి ఒకరు రావాల్సిందే. గేరిలో ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉండటానికి స్థలం కరువు ఒక్కటే కారణం కాదు, పని కూడా ఆ దగ్గరితనాన్ని కోరింది.

ఇంటి కట్టుబడి కూడా ఇదే చెబుతుంది. నేత ఇంట్లో ముందుగది మగ్గానిది. నేలలో గుంట తీసి అందులో కాళ్లు పెట్టుకుని నేసేవాడు కూర్చుంటాడు. గుంటలోని చెమ్మ వల్ల నూలు బిరుసెక్కి తెగిపోకుండా ఉంటుంది. వెలుతురు కావాలి కాబట్టి తలుపు వీధికి తెరిచి ఉండాలి. వీధి కూడా పనికి వాడుకునేదే. నూలు పడుగును వీధి పొడుగునా సాచి, గంజి పెట్టి, కుంచెతో దువ్వడం పాత పద్ధతి. ఆ కాసేపూ బండి పోకూడదు, పశువు రాకూడదు. వీధిని నలుగురూ ఒప్పుకుని వంతులవారీగా వాడుకోవడం ఏ సర్కారు చట్టం చెప్పకముందే గేరిలో నడిచింది. పట్టణం అంటే పక్కపక్కన బతికేవాళ్లు ఉమ్మడి చోటును తగాదా లేకుండా వాడుకోవడం నేర్చుకున్న చోటు అనుకుంటే, అమరచింత మున్సిపాలిటీ బోర్డు రాకముందే పట్టణం. ఇందులో ఆడవాళ్ల పాలు ఎంతో ఊరి పెద్దల కథల్లో వినపడదు. 2019-20 నాటి నాలుగో జాతీయ చేనేత గణన దేశంలో 35 లక్షల పైచిలుకు చేనేత కార్మికుల్ని లెక్కిస్తే వాళ్లలో 72 శాతం మహిళలే. ఆసు, రాట్నం, కండె, అతుకు కలిపి లెక్కిస్తే ఆ అంకె ఎవరినీ ఆశ్చర్యపరచదు. అయినా 'నేతన్న' అని మాత్రమే పిలవడం మనకు అలవాటైపోయింది.

పని వల్ల వచ్చిన ఈ గుర్తింపును ఊరు బయట కూడా ఒప్పుకున్నారనడానికి కురుమూర్తి జాతర పెద్ద సాక్ష్యం. చిన్నచింతకుంట మండలం అమ్మాపూర్ దగ్గరి కురుమూర్తి స్వామికి దీపావళి తర్వాత బ్రహ్మోత్సవాలు జరుగుతాయి. స్వామి ఆభరణాలు ఆత్మకూరు నుంచి ఊరేగింపుగా వస్తాయి, ఉద్దాలు వడ్డెమాన్ నుంచి వస్తాయి, పట్టువస్త్రాలు అమరచింత పద్మశాలీలు పంపడం ఆనవాయితీ. దొరల ఊరు నగలిచ్చింది, తోలుపని తెలిసినవాళ్ల ఊరు పాదుకలిచ్చింది, నేత ఊరు బట్ట ఇచ్చింది. సంస్థానానికి తన పేరిచ్చిన ఊరు స్వామి ముందుకు వెళ్లేటప్పుడు తన చేతిపనితోనే వెళ్తోంది. పీర్ల పండుగలోనూ బట్టే మొక్కు. మొహర్రం నెలలో పాలమూరు పల్లెల్లో హిందువులూ ముస్లింలూ కలిసి పీర్లకు దట్టీలు కడతారు, అలావా చుట్టూ ఆడతారు. అమరచింత దీనికి భిన్నం కాదు.

ఇక్కడ రెండో అభ్యంతరాన్ని తప్పించుకోకూడదు. గేరి అంటే కులం గీసిన గీత కూడా. నేత గేరి ఒక చోట, మాల మాదిగల వాడలు ఇంకో చోట ఉండటం ఈ ప్రాంతపు ఊళ్లన్నింటి లాగే ఇక్కడా చరిత్రే. వడ్డెమాన్ ఉద్దాలు స్వామి పాదాల దగ్గరికి చేరినంత సులువుగా వాటిని కుట్టినవాళ్లు అందరి ఇళ్లలోకి చేరలేదు. గేరి లోపల కూడా అందరూ సమానం కాదు. నూలూ పట్టూ జరీ పెట్టుబడి పెట్టే షావుకారు ఒకడు, కూలికి నేసేవాడు ఒకడు; చీర ధర షావుకారు చెప్పేది, కూలి నేసేవాడు ఒప్పుకునేది. కాబట్టి గేరిని సామరస్యపు బొమ్మగా చూపడం నా ఉద్దేశం కాదు. నేను చెప్పేది ఇంతకంటే చిన్న మాట, గట్టి మాట. ఒకరి పని లేకుండా ఇంకొకరి పని సాగని చోట పుట్టే కట్టు, ఇష్టం మీదా మంచితనం మీదా మాత్రమే ఆధారపడదు. దానిలో అన్యాయం ఉండొచ్చు, కానీ బేరమాడే చోటు కూడా ఉంటుంది. సహకార సంఘాలు చేనేత ఊళ్లలో అంత త్వరగా నాటుకోవడానికి కారణం ఇదే. కలిసి పనిచేయడం కొత్తగా నేర్పాల్సిన అవసరం అక్కడ లేదు, లాభం కలిసి పంచుకోవడమే కొత్త. అది పూర్తిగా సాధ్యం కాలేదన్నదీ నిజమే.

మూడో అభ్యంతరం నాకు అన్నింటికన్నా బరువైనది. అమరచింతకు సొంత చీర ఎక్కడుంది అని అడుగుతారు. గద్వాల చీరకు భౌగోళిక గుర్తింపు ఉంది, నారాయణపేట చీరకూ ఉంది. మధ్యలో ఉన్న అమరచింత మగ్గం మీద దిగిన చీర దుకాణంలో గద్వాల పేరుతోనే అమ్ముడుపోతుంది. కృష్ణకు ఇవతలి ఒడ్డు మనది, అవతలి ఒడ్డు గద్వాలది. ఒకప్పుడు పుట్టిలో దాటాల్సిన నదిని ఇప్పుడు జూరాల ఆనకట్ట మీదుగా బండిలో దాటుతున్నాం, సరుకు కూడా అలాగే దాటుతోంది. పేరు లేని ఊరికి వ్యక్తిత్వం ఉందనడం ఎలా? దీనికి నా జవాబు, చీరకు పెట్టే పేరు బజారు పెట్టేది, అది పెద్ద ఊరికే దక్కుతుంది. పోచంపల్లి పేరుతో అమ్ముడుపోయే ఇక్కత్ అంతా పోచంపల్లిలోనే నేసింది కాదు, పుట్టపాక, కొయ్యలగూడెం మగ్గాలు దాన్ని మోస్తున్నాయి. అంతమాత్రాన పుట్టపాకకు వ్యక్తిత్వం లేదని ఆ పనితనం ఎరిగినవాళ్లెవరూ అనరు. పేరు దక్కకపోవడం నష్టమే, కూలిలో నష్టం, గౌరవంలో నష్టం. ఆ నష్టాన్ని ఊరి వ్యక్తిత్వం లేకపోవడంగా లెక్కగట్టడం మాత్రం పొరపాటు.

మిగిలింది ఇప్పటి సంగతి. 1981లో శంకుస్థాపన జరిగి తొంభైల మధ్యలో నీళ్లు నిలిచిన జూరాల ఈ చుట్టుపక్కల పొలాల రంగు మార్చింది, ఎడమ కాలువ కింద వరి పెరిగింది. అంతకు ముందు పాలమూరు కూలీ దేశంలోని ఎన్నో ఆనకట్టలు కట్టడానికి వలసపోయాడు, ముంబైలోని కామాఠీపుర పేరులో ఆ వలస ఇప్పటికీ ఉంది. నేసేవాళ్లు కూడా షోలాపూర్, భివండీల వైపు వెళ్లారు. కానీ ఇంటి నేలలో గుంట ఉన్నవాడు ఊరు విడవడానికి ఒకటికి రెండుసార్లు ఆలోచించాడు. ఇప్పుడు వాళ్ల పిల్లలు హైదరాబాద్‌లో చదువుకుని అక్కడే ఉద్యోగాల్లో కుదురుకుంటున్నారు, దాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. మగ్గాలు తగ్గుతున్నాయి కాబట్టి నా వాదనకు కాలం చెల్లిందని అనేవాళ్లున్నారు. నాకైతే ఇది లెక్క తీయాల్సిన సమయంగా తోస్తుంది. కొత్త మున్సిపాలిటీ ఇంటి పన్ను కోసం ప్రతి ఇంటినీ కొలుస్తుంది. ఆ కొలతలో ముందుగది మగ్గం గదా కాదా, అందులో ఎంతమంది ఆడవాళ్లు పనిచేస్తున్నారు, చీర ఏ పేరుతో బయటికి పోతోంది అన్న మూడు గడులు చేరిస్తే చాలు. గేరీలలో సీసీ రోడ్డు వేసేటప్పుడు ఇళ్ల గడపల కంటే ఎత్తు లేపకుండా వేయాలి, లేకపోతే వాన నీళ్లు నేరుగా మగ్గం గుంటలోకే దిగుతాయి.