జానెడు దూరం

ఇంకా ఏడు కాలేదు. మల్కాజిగిరిలో మూడు రోజులుగా ముసురు. బాల్కనీ తలుపు తీస్తే తడిసిన గోడల వాసన, మూస్తే హాలు మూల నుంచి ఇంకో వాసన. ఎండుగడ్డి వాసన, దాని అడుగున కాస్త ఘాటు. రెండు నెలల కిందట ఈ ఘాటు లిఫ్టు దాకా వెళ్ళేది. ఇప్పుడు సోఫా దాటడం లేదు.

ఫ్రిజ్ తెరుస్తాను. కొత్తిమీర కవరు గరగరలాడిందో లేదో, హాల్లో ఈలలు మొదలు. వీక్, వీక్, వీక్ అని ఊపిరి తిప్పుకోకుండా. పకోడీది పెద్ద గొంతు. జున్ను కీచుగా సాగదీస్తుంది. రెండూ ఆడవే. పేరుకు గినీ పిగ్స్ కానీ వీటికి పంది జాతితో చుట్టరికం లేదు, గినీ దేశమూ చూసి ఎరగవు. ఆండీస్ కొండల్లో వేల ఏళ్ళ కిందట మనుషులకు మచ్చికైన జీవాలు. జానెడు పొడవు, కిలో బరువు. ఆ కిలో బరువు కోసం మా ఇంట్లో ఒక డైనింగ్ టేబుల్ అమ్మేశాం. ఆ సంగతి తర్వాత.

"పెట్టె తేరా," అంటాను. మావాడు కళ్ళు నులుముకుంటూ మిక్సీ వచ్చిన అట్టపెట్టె పట్టుకొస్తాడు. ఒక పక్క కోసేసి ఉంటుంది. దాన్ని గూట్లో అడ్డంగా పడుకోబెట్టి, లోపల నాలుగు కొత్తిమీర కాడలు వేసి చెయ్యి వెనక్కి తీసుకుంటాను. ముందు జున్ను మీసాలు వచ్చాయి. తర్వాత ముక్కు. తర్వాత మనిషి మొత్తం. వెనకే పకోడీ, దాన్ని తోసుకుంటూ. రెండూ లోపలికి వెళ్ళి కాడ పట్టుకోగానే పెట్టె నిలబెట్టి ఎత్తేస్తాను. అంతే.

ఈ 'అంతే' నేర్చుకోవడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. పైనుంచి చెయ్యి దిగిందంటే వీటి లెక్కలో గద్ద దిగినట్టే. అప్పట్లో ప్రతి ఆదివారం గూడంతా తరిమి, మూలకు నొక్కి, ఎలాగో పట్టుకునేదాన్ని. అరచేతిలో దాని గుండె దడదడలాడేది. అది భయం. నాది ఆయాసం. శుభ్రం చేయడం మొదలుపెట్టకముందే ఇద్దరికీ ఓపిక అయిపోయేది.

పెట్టె సోఫా మీద పెట్టి, చిన్న బ్రష్షూ చెత్త చేటా తీసుకుని మోకాళ్ళ మీద కూర్చుంటాను. పరచిన ఫ్లీస్ గుడ్డ మీద రాత్రి పడిన పెంటికలు ఎండి ఉన్నాయి. ఈతపండు గింజంత ఒక్కొక్కటి, అదే ఆకారం. ఒక్కో ప్రాణి రోజుకు వందకు తక్కువ వేయదు. ఎండాక ఊడిస్తే గింజల్లా దొర్లుతూ వస్తాయి, పచ్చిగా ఉన్నప్పుడు ముట్టుకుంటే గుడ్డకు పూస్తాయి. అందుకే పొద్దున్నే. నాలుగు నిమిషాల పని. సర్ సర్‌మని చేటలోకి.

అమ్మ అప్పటికే ముక్కాలి పీట వేసుకుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. "చేట ఇలా చూపించు," అంటుంది. చూపిస్తాను. వేలితో కదిపి, "నిండుగానే ఉంది, పర్లేదు" అని మళ్ళీ చిక్కుళ్ళలో పడుతుంది. నలభై ఏళ్ళు గేదెల్ని సాకిన మనిషి. పేడ చూసి పశువు ఒంట్లో ఎలా ఉందో చెప్పేది. నెల కిందట ఒక రోజు ఇలాగే చేట చూసి, "ఇదేంటే, సగానికి సగం లేవు?" అంది. నిజమే. మిగిలినవీ చిన్నవి, గట్టివి. కాసేపు కూర్చుని గమనిస్తే జున్ను తింటోంది, పకోడీ గడ్డి దాకా వెళ్ళి మూతి పెట్టి వచ్చేస్తోంది. ఈ జంతువుల కడుపు ఎప్పుడూ నడుస్తూనే ఉండాలి. పూటల తరబడి తినకపోతే పేగులు ఆగిపోతాయి. ఆ మధ్యాహ్నమే డాక్టరు దగ్గరికి పరిగెత్తాం. దవడ పళ్ళు పెరిగి నాలుక మీదికి వంగాయట. వీటి పళ్ళు బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి, గడ్డి నమిలి అరగదీసుకోవాలి. అరగదీయించి తెచ్చాం. వారానికోసారి శుభ్రం చేసే పాత రోజుల్లోనైతే ఏడు రోజుల కుప్పలో ఆ తేడా నాకెలా కనపడేది?

పాత రోజుల గురించి చెప్పాలంటే ముందు రంపపు పొట్టు గురించి చెప్పాలి. మా వీధి చివర వడ్రంగి షాపులో సంచులకొద్దీ ఊరికే ఇచ్చేవాడు. ఊరికే వస్తుందంటే నేను వదులుతానా. గూటినిండా పోశాను. వారంలో రెండూ తుమ్ములు. సన్నటి పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుందని, ప్లైవుడ్డు పొట్టయితే అందులో జిగురు కూడా ఉంటుందని డాక్టరు గట్టిగానే చీవాట్లు పెట్టాడు. ఆ తర్వాత వాసన చావడానికి ఫినాయిలు. దానికి కళ్ళు మూసుకుని మూల నక్కేవి. ఇంత చిన్న గదిలో ఆ ఘాటు నాకే తల తిప్పితే, నేలకు అంగుళం ఎత్తున ముక్కు ఉన్నవాటికి ఎలా ఉంటుందో తట్టలేదు. బ్లీచింగ్ వేయలేదు, అదొక్కటే నా పుణ్యం. మూత్రంలోంచి వచ్చే అమ్మోనియాతో అది కలిస్తే పుట్టే వాయువు మనుషులకే ప్రమాదం.

ఇప్పుడు ట్రే. ఈ కథలో అసలు పాత్ర ఇదే.

కుండీల కింద పెట్టే పొడుగాటి ప్లాస్టిక్ పళ్ళెం ఇది. అంచు రెండంగుళాలు, వాటి పొట్టి కాళ్ళు సులువుగా దాటేంత. అడుగున నాలుగు రోజుల వార్తాపత్రికలు, వాటి మీద చెక్క గుళికలు, వాటి మీద గుప్పెళ్ళతో ఎండుగడ్డి. గడ్డి పక్కకు తీసి చూస్తాను. గుళికలు పొడిగా ఉన్నచోట గోలీల్లా గట్టిగా ఉన్నాయి, తడిసినచోట ఉబ్బి రొట్టెపొడిలా విడిపోయాయి. ఎక్కడ పోశాయో పటం గీసినట్టు కనిపిస్తుంది. పత్రికలతో సహా చుట్టి ఒక్క పొట్లం కడతాను. నిన్నటి ఘాటంతా ఆ పొట్లంలోనే.

దీనికి పేటెంటు అమ్మది. మే నెలలో వచ్చినప్పుడు, నేను ఆదివారం రెండు గంటలు బాత్రూంలో గూడు తోముతూ విసుక్కోవడం చూసింది. ఏమీ అనలేదు. సోమవారం పీట వేసుకుని గూటి ముందు కూర్చుంది, ఇలాగే ఏదో ఒలుచుకుంటూ. గంట తర్వాత పిలిచింది.

"గడ్డి ఎక్కడ పెడుతున్నావు?"

"ఆ పక్కన, బుట్టలో."

"పోసేది ఎక్కడ?"

"ఎక్కడపడితే అక్కడేనమ్మా. అదేగా నా బాధ."

"నీ మొహం. సరిగ్గా చూడు. తింటూనే పోస్తున్నాయి, వేస్తున్నాయి. మన చావిట్లో గేదె మూతి గాడి దగ్గరుంటే తోక కాలువ దగ్గరుండేది. ముందు గడ్డి వేసేవాళ్ళం, వెనక పేడకళ్ళు ఎత్తేవాళ్ళం. వీటికి అసలు తోకే లేదు. మూతికీ ముడ్డికీ జానెడు దూరం. గాడీ కాలువా ఒకచోటే పెట్టాలి."

గడ్డి కింద ట్రే పెట్టిన మొదటి రోజే ముప్పాతిక తడి అందులో పడింది. మిగతా పావు చీకటి మూలల్లో. అట్ట ఇంటి కింద, బట్ట సొరంగంలో. వాటిలో తువ్వాలు ముక్కలు మడిచి వేశాను. రోజూ ఆ ముక్కలు మారుస్తాను, మిగతా పరుపు జోలికి వెళ్ళను.

డైనింగ్ టేబుల్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. షాపువాడు అమ్మిన గూడు రెండున్నర అడుగుల పొడవు. గూడు చిన్నదైతే ఊడ్చేదీ తక్కువేనని అనుకున్నాను. తలకిందులు లెక్క. చిన్న గూట్లో తడి తప్పించుకుని నిలబడే చోటుండదు, తడి మీదే నడిచి తడిని అంతా పూస్తాయి, అరికాళ్ళు పుళ్ళు పడతాయి. ఇప్పటిది పద్నాలుగు అంగుళాల ఇనుప గ్రిడ్లు జోడించి కట్టింది, నిడివిన నాలుగు, అడ్డంగా రెండు. ఎదురుగా ఒక గ్రిడ్ తలుపులా తెరుచుకుంటుంది కాబట్టి నేను లోపలికి తల దూర్చక్కర్లేదు. నడుం నొప్పి సగం ఆ తలుపుతోనే పోయింది. మేం కింద కూర్చుని తింటున్నాం.

ఇవాళ ఆదివారం, పరుపు మార్చాలి. పైన ఫ్లీస్, కింద రెండు పాత టర్కీ తువ్వాళ్ళు, ఆ కింద ప్లాస్టిక్ షీటు. నాలుగు మూలలూ కలిపి మూటలా ఎత్తుతాను. కింది షీటు మూలలో తెల్లటి మరక, పొలుసులా అంటుకుని ఉంది.

"సున్నం," అంటాడు మావాడు.

సున్నమే. వీటి మూత్రంలో కాల్షియం ఎక్కువ, ఎండితే ఇలా గడ్డకడుతుంది. మా అపార్టుమెంట్ బోరు నీళ్ళకు బకెట్ల అంచున పట్టే తెల్ల గార లాంటిదే. గోరుతో గీకి గీకి వేలు పగిలిన రోజులున్నాయి. వంటింట్లో నిమ్మ ఉప్పు డబ్బా ఉండగా! అర లీటరు నీళ్ళలో ఒక చెంచా వేసి స్ప్రే సీసాలో పోసి పెట్టాను. మరక మీద కొడతాను. మావాడు మొహం దగ్గరగా పెడతాడు. సన్నటి నురగ, చిటచిటమని వినీ వినపడని చప్పుడు, పిన్ను మొనంత బుడగలు లేచి పగులుతున్నాయి. ఆ చప్పుడు ఆగేదాకా ఆగాలి. ఆగలేక తుడిచేస్తే మళ్ళీ గీకుడే. ఐదు నిమిషాల తర్వాత తడిగుడ్డతో లాగితే మరక ఉన్నచోటు కూడా తెలియదు. మంచినీళ్ళతో ఇంకోసారి తుడిచి, పొడిగుడ్డ.

ఫ్లీస్ ఉతకడం మాత్రం నా సొంత అనుభవం, అమ్మకు వాటా లేదు. మొదట్లో వెంట్రుకలూ గడ్డీ దులపకుండా మెషీన్లో పడేశాను. నెలకు నీళ్ళు దిగడం మానేశాయి. మెకానిక్ కింది మూత తిప్పి గుప్పెడు గడ్డి లాగి నా వైపు చూశాడు. "మేడమ్, ఇంట్లో ఆవుందా?" ఇప్పుడు రబ్బరు గ్లవ్ తడిపి గుడ్డ మీద ఒకే దిక్కుకు నిమురుతాను. వెంట్రుకలు తాడులా పేనుకుని వచ్చేస్తాయి. తర్వాత జిప్పున్న దిండు గలీబులో వేసి మెషీన్లోకి.

కండిషనర్ వేయను. కొత్త ఫ్లీస్ మీద చెంచాతో నీళ్ళు పోసి చూడండి, తామరాకు మీద లాగా బొట్లుగా నిలుస్తాయి. వేడినీళ్ళలో మూడు నాలుగు ఉతుకులు పడ్డాక చెంచాడు నీళ్ళూ కిందికి జారిపోతాయి, పైన చెయ్యి పెడితే పొడిగా ఉంటుంది. ఆ గుణం కోసమే కదా ఫ్లీస్. కండిషనర్ ఆ గుణాన్ని మళ్ళీ చెడగొడుతుంది. ఈ ముసురులో ఫ్లీస్ ఫ్యాను కింద సాయంత్రానికి ఆరుతుంది. తువ్వాళ్ళే రెండు రోజులు ముక్కుతాయి. అందుకని మూడు జతలు పెట్టుకున్నాను.

కొత్త పరుపు పరిచి, మూలలు నొక్కి, ట్రే సర్దుతాను. బట్ట సొరంగం మాత్రం ఉతకలేదు, అలాగే లోపల పెడతాను. అంతా ఒకేసారి కడిగేస్తే తమ వాసన పోయిందని కంగారుపడి గూడంతా మళ్ళీ పోసి గుర్తులు పెట్టుకుంటాయి.

గోడ గడియారం చూస్తాను. ఇరవై రెండు నిమిషాలు. అమ్మ చేట ఎత్తుకుని బాల్కనీలోకి వెళ్ళింది, మిరప కుండీల్లో వేయడానికి. "తులసి కోటలో పడకుండా చూసుకో," అని నాకే చెబుతోంది, చేట తన చేతిలో పెట్టుకుని.

పెట్టె దించుతాను. జున్ను తిన్నగా నడిచి ట్రే ఎక్కి ఒక పొడుగాటి గడ్డిపోచ లాగి, నములుతూ, కళ్ళు అరమోడ్చి, వెనక భాగం కాస్త పైకెత్తి పని కానిచ్చింది. పకోడీ గూటి మధ్యలో నిలబడింది. ముక్కు ఆడించింది. ఉన్నట్టుండి పేలాలు పేలినట్టు నిలువునా రెండు గంతులేసి, గాల్లోనే ఒళ్ళు మెలితిప్పి, దిగిన చోటే, సరిగ్గా కొత్త ఫ్లీస్ నడిబొడ్డున...

"అమ్మమ్మా! పోసేసింది!"

"పొయ్యనీరా," బాల్కనీలోంచి అమ్మ గొంతు. "తువ్వాలు ముక్క తెచ్చుకో."