ఎలా చూశారమ్మా?

కాన్పయిందన్న కబురు రాగానే మన ఇళ్ళలో ముందు అడిగేది తల్లీబిడ్డల క్షేమం. ప్రభుత్వాలూ, అంతర్జాతీయ సంస్థలూ చాలాకాలం అంతవరకే అడిగాయి. దేశ ఆరోగ్య పరిస్థితిని పరిశీలించిన 1946 నాటి భోర్ కమిటీ లెక్కలో మన దేశంలో వెయ్యి కాన్పులకు దాదాపు 20 మంది తల్లులు ప్రాణాలు పోగొట్టుకునేవారు. అంత చావు కళ్ళెదుట ఉన్నప్పుడు ‘నిన్ను ఎలా చూశారమ్మా?’ అని అడిగే తీరిక ఎవరికుంటుంది? చావులు తగ్గుతున్నా ఆ ప్రశ్న రావడానికి దశాబ్దాలు పట్టింది. నన్ను బాధించేది అదే.

ఎవరూ అడగకపోయినా ఆడవాళ్ళ ఇష్టాయిష్టాలు తమ పని తాము చేస్తూనే వచ్చాయి. 1885లో ఆడ డాక్టర్లను అందించడానికి డఫరిన్ ఫండ్ పుట్టిందే మగ డాక్టర్ల ముందుకు మన స్త్రీలు రావడం లేదని. మంత్రసానిని వదలని వాళ్ళది అజ్ఞానమని తేల్చేయడం తేలిక. తెలిసిన మనిషి, తెలిసిన మాట, పక్కన కన్నతల్లి... ఇవన్నీ వదులుకుని ఆసుపత్రి మెట్లెక్కడం ఎంత కష్టమో ఆ మాట అన్నవాళ్ళు ఆలోచించలేదు.

పక్కన మనిషి ఉండటం ఉత్త ఓదార్పు కాదని 1980లో గ్వాటెమాలా చూపించింది. అక్కడి ఆసుపత్రిలో నొప్పులు పడే స్త్రీ ఒంటరిగా ఉండటమే రివాజు. సోసా, కెన్నెల్, క్లౌస్ బృందం కొందరి దగ్గర తోడుగా ఒక స్త్రీని ఉంచింది. ఆమె వైద్యం చేయదు. వీపు నిమురుతుంది, చేయి పట్టుకుంటుంది, మాట్లాడుతుంది. ఏ చిక్కూ లేకుండా ప్రసవించినవాళ్ళలో తోడున్నవారికి నొప్పుల సమయం సగానికి పైగా తగ్గింది. అయినా మన ప్రభుత్వాసుపత్రుల లేబర్ రూముల్లోకి తోడును రానివ్వాలని కేంద్రం చెప్పడానికి 2016 దాకా ఆగాల్సి వచ్చింది.

మాతాశిశు సంరక్షణ పథకాల్లో అసలు తల్లి ఎక్కడుందని రోజెన్‌ఫీల్డ్, మెయిన్ 1985లో ‘లాన్సెట్’ పత్రికలో నిలదీశారు. 1987లో నైరోబీలో సురక్షిత మాతృత్వ ఉద్యమం మొదలైంది. అక్కడా కొలబద్ద మరణాలే.

ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది గర్భిణి పరీక్షల కథ. అర్జెంటీనా, క్యూబా, సౌదీ అరేబియా, థాయ్‌లాండ్‌లలో జరిపిన పరిశీలనను బట్టి, మామూలు గర్భానికి నాలుగు పరీక్షలు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 ప్రాంతంలో చెప్పింది. ఆ పరిశీలనలో తల్లుల అభిప్రాయమూ అడిగారు. మొత్తమ్మీద బాగుందన్నారు కానీ, ఒక పరీక్షకూ మరో పరీక్షకూ మధ్య ఎడం మరీ ఎక్కువైందని కొందరు గుబులు పడ్డారు. తర్వాత లెక్కలు మళ్ళీ తిరగేస్తే, తక్కువ పరీక్షల పద్ధతిలో కడుపులోనూ, పుట్టిన తొలి రోజుల్లోనూ బిడ్డల మరణాలు కొంత ఎక్కువని తేలింది. 2016లో ఆ నాలుగూ ఎనిమిదయ్యాయి. ఆ తల్లుల గుబులు ఉత్త భయం కాదు.

ఈలోగా మరో నిజం బయటపడుతూ వచ్చింది. దక్షిణాఫ్రికాలో నర్సులు గర్భిణులపై అరవడం, చేయి చేసుకోవడం గురించి రేచెల్ జ్యూక్స్ బృందం 1998లో రాసింది. నర్సులను దుర్మార్గులని తీసిపారేయకుండా, వృత్తిలో తమ గౌరవం నిలబెట్టుకోవడానికి వాళ్ళు పడే పెనుగులాటనూ చూపింది. 2010లో బౌజర్, హిల్ ఇలాంటి అవమానాలను ఏడు రకాలుగా వర్గీకరించారు. 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గౌరవంతో కూడిన సేవ పొందడం ప్రతి స్త్రీ హక్కని ప్రకటించింది.

అయితే అడగడం ఒక్కటే చాలదు. టాంజానియా ఈశాన్య ప్రాంతంలో ఆసుపత్రి నుంచి ఇంటికి బయల్దేరుతున్న బాలింతలను అడిగితే, తమను అవమానించారనో దురుసుగా చూశారనో చెప్పినవాళ్ళు సుమారు 19 శాతం. కొన్ని వారాల తర్వాత ఇంటి దగ్గర అడిగితే అలా చెప్పినవాళ్ళు 28 శాతం. బిడ్డ క్షేమంగా చేతికొచ్చిన పూట, మళ్ళీ అదే గుమ్మం తొక్కాల్సి వస్తుందన్న భయంతో, ఎవరు నోరు విప్పుతారు? పేద దేశాల సర్వేల్లో కనిపించే భారీ సంతృప్తి శాతాలను నేను అందుకే తేలిగ్గా నమ్మను. ఇంతకన్నా ఆశించకూడదని అలవాటైపోయినవాళ్ళు కూడా ‘బాగానే చూశారు’ అనే అంటారు.

మన దేశంలో 2005లో జననీ సురక్షా యోజన డబ్బిచ్చి ఆసుపత్రికి పిలిచింది. ఆసుపత్రి కాన్పులు 2005-06లో 39 శాతం కూడా లేవు, 2019-21 నాటికి 88.6 శాతమయ్యాయి. అంతమంది వచ్చిపడ్డ లేబర్ రూముల్లో ఒకరి కష్టం వినే వ్యవధి తగ్గింది. 2017లో మొదలైన ‘లక్ష్య’ కార్యక్రమం ఆ గదులను బాగుచేయడంతో పాటు, తల్లిని గౌరవంగా చూడటాన్నీ లెక్కలోకి తెచ్చింది.

తెలుగు రాష్ట్రాల్లో చిక్కు ఇంకో రకం. 2019-21 సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. దేశ సగటు 21.5. ముహూర్తం చూసి ఆపరేషన్ చేయించుకునే కుటుంబం సంతృప్తిగానే ఇంటికెళ్ళవచ్చు. అవసరం లేని కోత మంచి వైద్యమైపోదు. నొప్పులంటే భయపడే అమ్మాయికి ధైర్యం చెప్పి గంటల తరబడి దగ్గరుండే మనిషి ఉంటే ఆ నిర్ణయాల్లో కొన్నయినా మారతాయని నా నమ్మకం. తెలంగాణ ప్రభుత్వం, ఫెర్నాండెజ్ ఫౌండేషన్ కలిసి 2017లో నర్సులకు మిడ్‌వైఫరీలో, అంటే దగ్గరుండి మామూలు కాన్పు చేయించడంలో, శిక్షణ మొదలుపెట్టింది అందుకే. మరుసటి ఏడాది కేంద్రమూ మిడ్‌వైఫరీ సేవలకు మార్గదర్శకాలు తెచ్చింది.

ఇక జరగాల్సింది, బాలింతను డిశ్చార్జి బల్ల దగ్గర కాకుండా, బిడ్డకు ఆరో వారం టీకా వేయించాక ఆమె ఇంట్లో, ఆసుపత్రితో సంబంధం లేని మనిషి చేత అడిగించడం. ఎవరు అరిచారు, ఎవరు దగ్గరున్నారు, కోత ఎందుకో ఎవరైనా చెప్పారా అని.