మన క్లబ్బులో గట్టోడు ఎవరు?

మా ఆఫీసు పాంట్రీ పక్కన ఫూస్‌బాల్ టేబుల్ ఒకటుంది. సాయంత్రం నాలుగు దాటితే అక్కడ ఆట తక్కువ, వాదన ఎక్కువ. మొన్న బుధవారం బిల్డ్ ఫెయిలై అందరం ఖాళీగా ఉన్నప్పుడు మాటలు రాయ్ కీన్ మీదికి మళ్లాయి. మాంచెస్టర్ యునైటెడ్ భక్తుడొకడు కీన్‌ని మించిన మొండివాడు పుట్టలేదంటాడు. ఆర్సెనల్ భక్తుడు వియెరా ముందు కీన్ ఎంత అంటాడు. టెస్టింగ్ టీములో ఒక పెద్దాయన ఉన్నాడు (అంటే నలభై రెండేళ్లు, మా లైనులో అది పెద్ద వయసే). ఆయన వీళ్లిద్దర్నీ పక్కకి నెట్టి, 1970ల నాటి లీడ్స్ డిఫెండర్ నార్మన్ హంటర్ పేరు చెప్పాడు. హంటర్ కాళ్లు కొరుకుతాడు జాగ్రత్త అని సొంత అభిమానులే బ్యానర్లు పట్టుకునేవాళ్లట. తమాషా ఏంటంటే వీళ్లలో ఒక్కడు కూడా ఇంగ్లండులో అడుగు పెట్టలేదు.

"సరే, మరి మన క్లబ్బులో గట్టోడు ఎవరు?" అన్నాను.

"మన క్లబ్బు ఏది?"

"హైదరాబాద్ సిటీ పోలీస్."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. "పోలీసులకి కూడా టీముండేదా?" అన్నాడు యునైటెడ్ భక్తుడు, అదేదో ట్రాఫిక్ చలానా సంగతి అన్నట్టు.

వాళ్లని అని లాభం లేదు. 2024లో 'మైదాన్' సినిమా వచ్చేదాకా రహీం సాబ్ పేరు తెలిసినవాళ్లే తక్కువ. సినిమా కూడా ఎక్కువగా ఇండియా టీము చుట్టూనే తిరిగింది. క్లబ్బు కథ వేరు. అది నాకు తెలిసింది స్టేడియంలో కాదు, కౌతాళంలో.

సీమ అంటే సినిమా వాళ్లకి సుమోలు, బాంబులు. మా కౌతాళంలో నా చిన్నప్పుడు ఉన్నవి నల్లరేగడి పొలాలు, ఖాదర్‌లింగ స్వామి దర్గా ఉరుసు, ఆదోని వైపు పోయే పత్తి బండ్లు. ఆటల్లో కబడ్డీ, కుస్తీ. ఫుట్‌బాల్ అనే వస్తువుని ముట్టుకున్నవాడు ఊళ్లో ఒక్కడు కూడా లేడు. కానీ ఫుట్‌బాల్ గురించి రాత్రి దాకా మాట్లాడగలిగిన మనిషి ఒకాయన ఉండేవాడు. పోలీసు ఉద్యోగం చేసి రిటైరై ఊరికి వచ్చాడు. అందరం జమేదారు తాత అనేవాళ్లం. కర్నూలు మూడేళ్ల రాజధాని ముచ్చట 1956 నవంబర్ 1తో ముగిసి, హైదరాబాదు అందరికీ రాజధాని అయ్యాక అక్కడికి పోస్టింగ్ పడినవాడు. "రాజధాని పాయె, ఫుట్‌బాల్ టీము వచ్చె" అని నవ్వేవాడు. ఫతే మైదాన్‌లో బందోబస్తు డ్యూటీ వస్తే మిగతావాళ్లు తప్పించుకునేవాళ్లట, ఈయన అడిగి మరీ వేయించుకునేవాడు.

ఆ టీము ఎంత పెద్దదో ముందు చెప్పాలి, లేకపోతే మిగతాది తలకెక్కదు. 1940ల్లో సిటీ అఫ్ఘాన్స్ అని కూడా పిలిచేవాళ్లు. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ని 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు గెలిచింది. అదే 1950లో డ్యూరాండ్ ఫైనల్లో మోహన్ బగాన్‌ని ఓడించింది. డ్యూరాండ్ తర్వాత ఇంకో మూడుసార్లు వచ్చింది. చివరిది 1961లో, అప్పటికి టీము పేరు ఆంధ్రా పోలీస్. కౌతాళం వాడు "మా టీము" అనుకోవడానికి తాతకి ఆ పేరు మార్పు చాలు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియా సెమీఫైనల్ దాకా వెళ్లి నాలుగో స్థానంలో నిలిచిందంటే, ఆ జట్టుకి వెన్నెముక ఈ ఊరి కుర్రాళ్లే.

ఇక తాత లిస్టు. అడిగితే చాలు, వేళ్లు మడిచి చెప్పేవాడు. నూర్ మహమ్మద్, అజీజ్, యూసుఫ్ ఖాన్. ఈ ముగ్గురి వరస ఎప్పుడూ మారలేదు. నూర్, అజీజ్ ఇద్దరూ హెల్సింకి (1952), మెల్‌బోర్న్ ఒలింపిక్స్ రెండూ చూసినవాళ్లు. హెల్సింకి ఎలాంటిదంటే, మన జట్టులో చాలామంది ఆ చలిలో బూట్లు లేకుండా ఆడారు. యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడారు. బూట్లు తప్పనిసరి అని రూలు పెట్టింది ఆ దెబ్బ తర్వాతే. చిన్నప్పుడు నాకు ఇది వీరగాథలాగే వినిపించింది. వట్టి కాళ్లతో బూట్ల కాళ్లని ఢీకొట్టడం! "కాలు కాదురా అది, రోకలి" అనేవాడు తాత. పదేళ్ల పిల్లాడికి ఇంకేం కావాలి? మర్నాడు కబడ్డీలో నేనూ మోకాలు చీల్చుకుని వచ్చి, గట్టోడినైపోయానని మా అమ్మకి చూపించాను. ఆమె నన్ను గట్టోడిలా చూడలేదు, రెండు తగిలించింది :)

తాత లిస్టులో హబీబ్ లేకపోవడం నాకు తర్వాత వింతగా తోచింది. కలకత్తాలో ఈస్ట్ బెంగాల్ అభిమానిని అడిగి చూడండి, గట్టి ఆటగాడు అనగానే మహమ్మద్ హబీబ్ పేరు వస్తుంది. 1949లో హైదరాబాదులో పుట్టాడు. అన్నదమ్ములంతా ఫుట్‌బాల్ ఆడినవాళ్లే. మనిషి పొట్టి. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ మూడింటికీ ఆడాడు. అక్కడ ఆయన్ని బడే మియా అనేవాళ్లు. చేతికి వచ్చిన ఉద్యోగాలు కాదని ఫుట్‌బాల్ ఒక్కటే వృత్తిగా బతికాడు, ఆ రోజుల్లో అది పిచ్చితనం కింద లెక్క. 1977 సెప్టెంబర్ 24న ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఉన్న న్యూయార్క్ కాస్మోస్ మీద మోహన్ బగాన్ 2-2 డ్రా చేసుకుంది. అందులో ఒక గోల్ హబీబ్‌ది. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన జట్టులో కూడా ఉన్నాడు. దానికి కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్, ఆయనా మనవాడే, డిఫెండరు, తర్వాత క్రమశిక్షణకి పేరుపడ్డ కోచ్.

ఎందుకు లేడు తాతా అని అడిగితే ఒకటే మాట: "ఆయప్ప కలకత్తాకి పోయినోడురా."

ఇది అభిమానుల లెక్క. టీము వదిలి పోయినవాడు ఎంత గట్టివాడైనా లిస్టులో చోటుండదు. నేనేమో దీన్ని ఒప్పుకోను. కానిస్టేబుల్ జీతం మీద ఎంతకాలం ఆడమంటారు? రహీం సాబ్ 1963లో పోయాక మంచి ఆటగాడు పుట్టగానే కలకత్తా రైలెక్కడం మామూలైపోయింది. ఎక్కువ జీతానికి కంపెనీ మారిన వాడెవడూ (మనలో మారనివాడెవడు?) ఆ ఆటగాళ్లని వేలెత్తి చూపలేడు. అమ్ముగూడ నుంచి వచ్చిన తులసీదాస్ బలరాం సంగతే తీసుకోండి. ప్రాక్టీసుకి రావడానికి సైకిల్ అద్దెకి డబ్బుల్లేకపోతే రహీం సాబే ఇచ్చేవారట. అంతటి ఆటగాడు, రోమ్ ఒలింపిక్స్‌లో (1960) హంగరీ మీద, పెరూ మీద గోల్ కొట్టినవాడు. ఊపిరితిత్తుల జబ్బుతో ఇరవై ఏడేళ్లకే ఆట ఆపేయాల్సొచ్చింది. 2023లో బెంగాల్లోనే పోయాడు.

రహీం సాబ్ గురించి ఇక్కడ ఒక మాట. ఆయన స్కూలు మాస్టారు. గట్టితనం అంటే ఎదుటివాడి కాలు విరగ్గొట్టడం కాదు ఆయన దృష్టిలో. డ్రిబ్లింగ్ చేయకూడదని రూలు పెట్టి టోర్నమెంట్లు నడిపాడు. బంతి వచ్చిందా, వెంటనే పక్కవాడికి ఇచ్చేయాలి. ఇంకోరకం టోర్నమెంటులో అలవాటు లేని కాలితోనే ఆడాలి, కుడికాలివాడు ఎడమతో, ఎడమవాడు కుడితో. మన భాషలో చెప్పాలంటే సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ లేకుండా చూసుకున్నాడు. యూసుఫ్ ఖాన్‌ని ఎక్కడ పెట్టినా ఆడేవాడంటే ఆ శిక్షణ వల్లే. మీద పడి గుద్దుకోవాల్సిన అవసరాన్నే తగ్గించాలని చూశాడాయన. కానీ అభిమానులకి గుర్తుండేది పాస్ కాదు కదా, కట్టు కట్టిన తల.

కట్టు కట్టిన తల అంటే 1962 జకార్తా గుర్తొస్తుంది. ఆసియా క్రీడలు. ఇజ్రాయెల్‌ని, తైవాన్‌ని రానివ్వలేదని మన ప్రతినిధి సోంధీ అభ్యంతరం చెప్పినందుకు స్టేడియం మొత్తం ఇండియా మీద కోపంగా ఉంది. థాయిలాండ్‌తో మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి ఆరు కుట్లు పడ్డాయి. రహీం సాబ్ అతన్ని ఇంటికి పంపలేదు, ముందుకి తెచ్చి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించాడు. సెమీస్‌లో గోల్ కొట్టాడు. సెప్టెంబర్ 4న ఫైనల్లో దక్షిణ కొరియా మీద పీకే బెనర్జీ ఒకటి, కుట్లున్న ఆ తలతో ఉన్న జర్నైల్ ఒకటి, 2-1. అదే జట్టులో మన యూసుఫ్ ఖాన్ ఉన్నాడు. తొమ్మిది నెలలకి, 1963 జూన్ 11న రహీం సాబ్ క్యాన్సర్‌తో పోయారు.

ఈ కథ నేను కాలేజీలో ఉండగా ఎంతమందికి చెప్పానో. చెప్పిన ప్రతిసారీ ఒక చిన్న సంగతి వదిలేసేవాణ్ని, నిజానికి దాని గురించి ఆలోచించలేదు. అప్పట్లో పెద్ద పోటీల్లో సబ్‌స్టిట్యూట్ లేడు. ప్రపంచ కప్‌లో కూడా 1970లోనే మొదలైంది. మ్యాచ్ మధ్యలో దెబ్బ తగిలినవాడు బయటికెళ్తే మిగిలేది పదిమంది. అంటే మనం మొండితనం అనుకున్నదాంట్లో కొంత మనిషిది, కొంత రూలుది. తల తిరుగుతోందని పక్కకెళ్లి కూర్చునే వీలు లేనివాడు కూర్చోలేదు, అంతే. ఆ ధైర్యం అబద్ధమనను. కానీ దాన్ని సగం పుట్టించింది వేరే దారి లేకపోవడమే.

పైగా ఆ బంతి. తోలుది, లేసు ఉండేది. ఎండలో 450 గ్రాముల లోపే తూగేది, వానలో నీళ్లు పీల్చుకుంటే రాయి. "వానలో తలతో కొడితే కళ్లల్లో మెరుపులు కనపడతాయంట, వాళ్లే చెప్పేవాళ్లు" అనేవాడు తాత, మెచ్చుకోలుగా.

2019 అక్టోబరులో గ్లాస్గో డాక్టర్లు ఒక లెక్క బయటపెట్టారు. స్కాట్లాండులో ఒకప్పటి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆటగాళ్లు 7,676 మంది రికార్డులు తీసి మామూలు జనంతో పోల్చారు. మెదడు క్షీణించే జబ్బులతో చనిపోవడం ఆటగాళ్లలో మూడున్నర రెట్లు ఎక్కువ. పార్కిన్సన్స్ ఒక్కదాన్నే తీసుకుంటే దాదాపు రెట్టింపు. రెండేళ్ల తర్వాత అదే బృందం ఇంకొంచెం తవ్వితే, అందరికంటే ఎక్కువ ప్రమాదం డిఫెండర్లకి, గోల్‌కీపర్లకి మామూలు జనంతో దాదాపు సమానం అని తేలింది. ఎవరు తలతో ఎక్కువ కొడతారో చూసుకోండి. లెక్కలు మనకి అలవాటే కాబట్టి వెంటనే "కోరిలేషన్, కాజేషన్" అని మొదలుపెట్టకండి, ఆ డాక్టర్లకీ అది తెలుసు. ఒక మనిషి జబ్బుకి ఇదే కారణమని ఈ లెక్క చెప్పదు.

అందుకే నేనూ చెప్పను. జరిగింది మాత్రం రాస్తాను. యూసుఫ్ ఖాన్‌కి, 1966లో అర్జున అవార్డు వచ్చిన మనిషికి, చివరి ఏళ్లలో పార్కిన్సన్స్. 2006లో పోయాడు. హబీబ్‌కి పార్కిన్సన్స్, దాంతోపాటు మతిమరుపు. 2023 ఆగస్టు 15న హైదరాబాదులో పోయాడు. పెలే ఎదురుగా గోల్ కొట్టిన మనిషి. ఆ రోజు కలకత్తాలో అభిమానులు ఎంత బాధపడ్డారో బెంగాలీ స్నేహితుడొకడు ఫోన్ చేసి మరీ చెప్పాడు. ఇక్కడ మా అపార్ట్‌మెంటులో జెండా వందనం అయ్యాక పులిహోర తింటూ నేను ఆ పేరు ఎత్తితే, ఎవరని అడిగారు.

2006లో యూసుఫ్ ఖాన్ వార్త పేపర్లో చిన్నగా వచ్చింది. ఆ వారం నేను ఊళ్లోనే ఉన్నాను. తాతకి చూపు తగ్గింది కాబట్టి టీ కొట్టు దగ్గర నేనే చదివి వినిపించాను. మళ్లీ చదవమన్నాడు, చదివాను.

"చేతులు వణికేటివంటనా?"

"అవును తాతా, ఆ జబ్బు అట్లనే ఉంటుంది."

"పింఛను బాగ వస్తుండెనా ఆయప్పకి?"

పేపర్లో ఆ సంగతి లేదు. తాత టీ సగంలో వదిలేశాడు. ఆ తర్వాత నాలుగేళ్లు బతికాడు. ఎప్పుడైనా కుర్రాళ్లు "తాతా, గట్టోళ్ల లిస్టు చెప్పు" అంటే బలరాం సైకిల్ కథ చెప్పేవాడు, రహీం సాబ్ కథ చెప్పేవాడు. వేళ్లు మడవడం మాత్రం మానేశాడు.

తర్వాత హైదరాబాదుకి కొత్త క్లబ్బొకటి 2019లో వచ్చింది, 2022 మార్చిలో ఐఎస్ఎల్ కప్పు కూడా గెలిచింది, 2025లో చేతులూ పేరూ మారి ఢిల్లీకి వెళ్లిపోయింది. దాని గురించి రాయడానికి నాకు పెద్దగా ఏమీ లేదు.

ఇదంతా బుధవారం ఆ టేబుల్ దగ్గర చెప్పానా, చెప్పలేదు. సగం చెప్పేసరికి బిల్డ్ పాసైంది, అందరూ సీట్లకి పరిగెత్తారు. శుక్రవారం వెళ్లి చూస్తే ఫూస్‌బాల్ టేబుల్ మీద ఎర్ర బొమ్మలకి ఎవరో చిన్న చిన్న కాగితాలు అతికించారు. నూర్, అజీజ్, యూసుఫ్, బలరాం, నయీం, హబీబ్. యునైటెడ్ భక్తుడి చేతిరాత. గోల్‌కీపర్ ఒక్కడికే పేరు లేదు. పీటర్ తంగరాజ్ హైదరాబాదులోనే పుట్టాడట కదా, పెట్టేద్దామా అని అడిగాడు. పుట్టడం ఇక్కడే, పేరొచ్చింది మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ తరఫున ఆడి, చెల్లదు అన్నాను. హబీబ్ కలకత్తాకి ఆడితే చెల్లింది, ఇతను మద్రాసుకి ఆడితే ఎందుకు చెల్లదన్నాడు.

అప్పట్నుంచీ అదే వాదన నడుస్తోంది.