రేవు లోతులో భూకంపాల లెక్క

జపాన్‌లోని షికోకు దీవిలో, మురోతో అగ్రం దగ్గర మురోత్సు అని ఒక చిన్న రేవు ఉంది. 17వ శతాబ్దంలో రాతిని తొలిచి కట్టారు. నీళ్లు అడుగు తగ్గినా పడవలకు ఇబ్బందే. అందుకని రేవు బాధ్యత చూసే కుబోనో కుటుంబం లోతు కొలిచి రాసిపెట్టేది. 1707 అక్టోబరులో, సముద్రం అడుగున భూమి పలకలు కలిసే నాంకై ట్రఫ్ వెంట మహా భూకంపం వచ్చింది. నేల పైకి లేచి రేవు లోతు తగ్గిపోయింది. ఎంత తగ్గిందో ఆ కుటుంబం కాగితాల్లో ఉండిపోయింది.

ఈ తీరంలో భూకంపాల రాతలకు కొదవలేదు. 684లో తోసా ప్రాంతంలో పొలాలు సముద్రంలో కలిసిపోయాయని 'నిహోన్ షోకి' చెబుతుంది. ఇలాంటి పాత రాతల మీద భూకంప శాస్త్రవేత్త అకిత్సునే ఇమమురా ఏళ్ల తరబడి పనిచేశాడు. నాంకైలో మళ్లీ భూకంపం తప్పదని నమ్మి, 1928లో వకయామాలో పరిశీలన కేంద్రం పెట్టాడు. మురోత్సు కొలతలను లోకానికి తెలిపిందీ ఆయనే. 1944లోనూ 1946లోనూ ఆయన భయపడ్డట్టే జరిగింది.

అయితే తేదీలు తెలిసినంత మాత్రాన లెక్క తేలదు. 1707 భూకంపానికీ 1854లో వచ్చిన తర్వాతి దానికీ మధ్య 147 ఏళ్లు, ఆ తర్వాత 1946కు 92 ఏళ్లే. సగటు తీస్తే ఈ తేడా ఎందుకో తెలియకుండానే పోతుంది. 1980లో పరిశోధకులు కునిహికో షిమజాకి, తకాషి నకాతా ఆ రేవు లోతులను మళ్లీ ముందేసుకున్నారు. మూడు భూకంపాల్లో నేల లేచింది వరుసగా 1.8, 1.2, 1.15 మీటర్లు. 1.8 మీటర్లు లేచాక 147 ఏళ్ల విరామం, 1.2 మీటర్లకు 92 ఏళ్లు. రెండు చోట్లా ఏడాదికి సుమారు 1.2, 1.3 సెంటీమీటర్ల చొప్పునే పడుతోంది! పలకల మధ్య ఒత్తిడి ఒకే వేగంతో పేరుకుంటుంది, ఒక హద్దుకు చేరగానే తెగుతుంది. ఎంత ఎక్కువ సడలితే మళ్లీ ఆ హద్దు చేరడానికి అంత ఎక్కువ కాలం పడుతుంది. ఆ లెక్కన 1.15 మీటర్లకు సుమారు 90 ఏళ్లు, అంటే 2030ల మధ్యకాలం. ఇంత సూటి ఆలోచన భూకంప శాస్త్రంలో అరుదని నా అభిప్రాయం.

రానున్న 30 ఏళ్లలో నాంకైలో మహా భూకంపం వచ్చే అవకాశం 80 శాతం దాకా ఉందని జపాన్ ప్రభుత్వ సంఘం చెబుతూ వచ్చింది కూడా ఈ పద్ధతితోనే. ఆధారం మాత్రం ఒక్క రేవు. ఆ లోతు ఎక్కడ కొలిచారు, ఏ పోటుపాట్ల వేళ కొలిచారు, మధ్యలో అడుగు తవ్వారా? మనాబు హషిమోతో వంటి పరిశోధకులు పాత కాగితాలను తిరిగి పరిశీలించి ఈ సందేహాలే లేవనెత్తారు. 2025లో సంఘం లెక్క సవరించింది. రేవు కొలతల్లోని అనిశ్చితిని కలుపుకుంటే 60 నుంచి 90 శాతానికి పైగా, తేదీల మధ్య వ్యవధులను మాత్రమే తీసుకుంటే 20 నుంచి 50 శాతం. ఇప్పుడు రెండు అంకెలనూ పక్కపక్కనే ప్రకటిస్తున్నారు.