జీడి తోటలో మందు కొడుతున్నారా? ఊట నీటిని, ఇంటివారిని ఇలా కాపాడుకోండి

కురుపాం, గుమ్మలక్ష్మీపురం కొండవాలుల్లో జీడిమామిడి పూత, పిందె దశల్లో టీ దోమ వంటి పురుగుల కోసం రైతులు మందులు పిచికారీ చేస్తుంటారు. మన దగ్గర చాలాచోట్ల తోట పైన, ఊరు కింద ఉంటాయి. పైన పారబోసిన మందు వాననీటితో కలిసి మీరు బిందెలు ముంచుకునే ఊటలోకి, గెడ్డలోకి చేరే అవకాశం ఉంది. కాబట్టి మందు ఎంత కొట్టాలన్నదే కాదు, కొట్టిన మందు ఎక్కడికి పోతుందన్నదీ రైతు చూసుకోవాలి.

విషం, దారి, మనిషి

పర్యావరణ ఆరోగ్యం చదివేవారికి మొదట చెప్పే పాఠం ఒకటుంది. హాని జరగాలంటే మూడు ఉండాలి: విషం, అది ప్రయాణించే దారి, ఆ దారి చివర మనిషి. ఎక్కడ తెంచినా హాని ఆగుతుంది. పురుగు మందుకు నాలుగు దారులున్నాయి: చర్మం, ఊపిరి, నోరు, తాగునీరు. జీడి చెట్టుకు పైకి కొట్టాలి కాబట్టి తుంపరలు తిరిగి మన ముఖం, మెడ, చేతుల మీదే పడతాయి. అందుకే చర్మం దారిని తేలిగ్గా తీసుకోకండి.

కాసరగోడ్ చెప్పిన పాఠం

కేరళలోని కాసరగోడ్ జిల్లాలో కూడా కొండల మీద జీడి తోటలే. అక్కడి ప్లాంటేషన్ కార్పొరేషన్ తోటల్లో 2000 వరకు సుమారు రెండు దశాబ్దాలు హెలికాప్టర్‌తో ఎండోసల్ఫాన్ చల్లారు. చుట్టుపక్కల ఊళ్లలో పుట్టుకతో వచ్చే లోపాలు, నరాల జబ్బులు బయటపడటంతో ప్రజలు ఏళ్ల తరబడి పోరాడారు. 2011 మే 13న సుప్రీంకోర్టు దేశమంతటా దాని తయారీ, అమ్మకం, వాడకం నిలిపివేసింది. మన దగ్గర హెలికాప్టర్ లేదు, వీపున స్ప్రేయర్ ఉంది. అయినా మందు ప్రయాణించే దారులు అవే. పాత ఎండోసల్ఫాన్ డబ్బా ఎక్కడైనా మిగిలి ఉంటే వాడకండి.

మందు కొనే ముందు

- అన్ని చెట్లకూ కొట్టనక్కర లేదు. కొత్త చిగుళ్లు, పూత కొమ్మలు చూసి, పురుగు ఉన్న చెట్లకే కొట్టండి.
- చెట్ల మీద గూళ్లు కట్టే ఎర్ర చీమలు టీ దోమను అదుపు చేస్తాయి. వాటి గూళ్లు చెరపకండి.
- తొలి దశలో 5 శాతం వేపగింజల కషాయం వాడవచ్చు. 100 లీటర్ల నీటికి 5 కిలోల వేప పప్పు పొడి సరిపోతుంది.
- మందు డబ్బా మీది గుర్తులో రంగు చూడండి. ఎరుపు అత్యంత విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ.

పిచికారీ రోజున

- మందు కలిపే చోటు ఊట, బావి, గెడ్డలకు కనీసం వంద అడుగుల దూరంలో ఉండాలి.
- పొడుగు చేతుల చొక్కా, ప్యాంటు, చేతి తొడుగులు, టోపీ, కళ్లద్దాలు, మాస్కు వేసుకోండి. తువ్వాలు తడిస్తే మందును చర్మానికి అంటిస్తుంది, వెంటనే మార్చండి.
- గాలికి ఎదురుగా నిలబడి కొట్టకండి. వాన వచ్చేలా ఉంటే వాయిదా వేయండి. పూత సమయంలో సాయంత్రం కొడితే తేనెటీగలకు హాని తగ్గుతుంది.
- మందు కలిపిన చేతులతో తినడం, బీడీ, చుట్ట కాల్చడం వద్దు. పిల్లల్ని, గర్భిణుల్ని తోటలోకి రానివ్వకండి.

ఆ తర్వాత

ఖాళీ డబ్బాను మూడుసార్లు కడిగి, ఆ నీటిని స్ప్రేయర్‌లోనే పోయండి. డబ్బాకు చిల్లులు పెట్టండి. నీళ్లకు, నూనెకు, కల్లుకు ఎప్పుడూ వాడకండి. స్ప్రేయర్‌ను గెడ్డలో కడగకండి. మందు బట్టలు విడిగా ఉతకండి. వాటిని ఉతికే ఆడవాళ్లకూ చేతి తొడుగులు ఉండాలి. డబ్బా మీద రాసిన గడువు పూర్తయ్యే వరకు జీడి పండ్లు తినవద్దు, పశువుల్ని మేపవద్దు.

తలనొప్పి, చెమటలు, వాంతులు, నోట నురగ, చూపు మసకబారడం, ఊపిరాడకపోవడం కనిపిస్తే పని ఆపి, బట్టలు విప్పి, సబ్బు నీటితో కడగండి. బలవంతంగా వాంతి చేయించకండి. నాటు వైద్యమంటూ ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రికి మందు డబ్బా కూడా తీసుకెళ్లండి, దాని పేరు చూసే డాక్టరు చికిత్స ఎంచుకుంటారు.

మోతాదు విషయంలో సందేహముంటే దగ్గరి రైతు సేవా కేంద్రంలోగానీ, కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551లోగానీ అడగండి. దుకాణదారు మాట మీద రెండు మూడు మందులు కలిపి కొట్టవద్దు.